జంట ఇంగ్లీషు మాటల్లో ఏది ఎక్కడ వాడాలి: మెట్టు మెట్టుగా తేల్చుకునే పద్ధతి

సిన్స్ ఎప్పుడు, ఫర్ ఎప్పుడు? లెండ్ అనాలా, బారో అనాలా? పొలం మునిగిపోయిందని రాయాలంటే డ్రౌన్ అనొచ్చా? భీమవరం, అమలాపురం, నరసాపురం వైపు డిగ్రీ పిల్లలు, రొయ్యపిల్లల్ని పెంచే హేచరీల్లో పనిచేసే కుర్రాళ్లు, గల్ఫ్ వెళ్లే ప్రయత్నంలో ఉన్నవాళ్లు పదే పదే అడిగేవి ఇవే. ఒక్కో జతకీ ఒక్కో జవాబు చెప్పుకుంటూ పోతే ఎప్పటికీ తెమలదు. అందుకే ఏ జత ఎదురైనా మీ అంతట మీరే తేల్చుకునే పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. చాలా జతల్లో ఉన్న తేడా మన తెలుగులో ఎప్పటినుంచో ఉంది, మనం గమనించమంతే. తెలుగులో రెండు మాటలున్న చోట ఆ రెంటినీ గట్టిగా పట్టుకుంటే చాలు, ఇంగ్లీషు దానంతట అదే దారిలోకి వస్తుంది. తెలుగులో రెంటికీ ఒకే మాట సరిపెట్టుకునే చోటే తప్పులు దొర్లుతాయి, కాబట్టి మీ సమయమంతా అక్కడ పెట్టండి.

1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఒక నోటుబుక్. జతకో పేజీ. ఫోన్‌లో రాస్తే ఆటోకరెక్ట్ మీ బదులు దిద్దేస్తుంది, మీ తప్పు మీకు కనపడదు.
- ఒక లెర్నర్స్ డిక్షనరీ. పుస్తకమైనా సరే, నెట్‌లో ఉచితంగా దొరికేదైనా సరే. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఒక్కదాన్నే నమ్ముకుంటే లెండ్ దగ్గరా అప్పే కనిపిస్తుంది, బారో దగ్గరా అప్పే కనిపిస్తుంది, మీరు మొదలుపెట్టిన చోటే ఉంటారు.
- మీరు ఇంగ్లీషులో ఇప్పటికే పంపిన మెసేజ్‌లు, మెయిళ్లు, దరఖాస్తులు. ఒక ఇరవై వాక్యాలు ఏరి నోటుబుక్‌లో ఎక్కించండి.

మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యం. ‘ఐదొందల జంట పదాలు’ అంటూ తిరిగే లిస్టులు బట్టీ పట్టడం వల్ల ఒరిగేది తక్కువ. మీరు జన్మలో వాడని మాటల కోసం బుర్ర వేడెక్కించుకునే బదులు, రోజూ రాసే వాక్యాల్లో మీరు ఎక్కడ ఆగి ఆలోచిస్తారో ఆ జతలతోనే మొదలుపెట్టండి.

డిక్షనరీ తెరిచాక అర్థం ఒక్కటే చూసి మూసేయొద్దు. క్రియ పక్కన ‘టి’ అనే అక్షరం ఉంటే ఆ పని ఎవరిమీదో దేనిమీదో జరగాలని, ‘ఐ’ అని ఉంటే అలా నేరుగా ఎవరిమీదా దేనిమీదా జరగదని అర్థం. నామవాచకం పక్కన ‘సి’ ఉంటే లెక్కపెట్టొచ్చు, ‘యు’ ఉంటే లెక్కపెట్టకూడదు. ఆ తర్వాత ఉదాహరణ వాక్యాల్లో ఆ మాట వెంట టు వచ్చిందా, ఫ్రమ్ వచ్చిందా, ఎట్ వచ్చిందా చూసి దాన్ని కూడా కలిపి రాసుకోండి. లిజన్ అని కాదు, లిజన్ టు అని రాసుకోవాలి.

2. మీ జత ఏ రకమో తేల్చండి

రకం తెలియకుండా పని మొదలుపెడితే ఒక చోట పనికొచ్చే చిట్కా ఇంకోచోట ముంచేస్తుంది. రకాలు నాలుగు.

- తెలుగులో కూడా రెండు మాటలున్నవి: విను, వినపడు.
- తెలుగులో ఒకే మాట ఉన్నవి: మునగడం, అప్పు, వెతకడం.
- అర్థాలు వేరు, చెవికి మాత్రం ఒకేలా ఉంటాయి: ప్రైస్, ప్రైజ్.
- మన ఆఫీసుల్లో ఒక అర్థం, బయటి దేశాల్లో ఇంకో అర్థం: డౌట్, రివర్ట్.

ఏ రకమో తేలాలంటే విడి మాటకు అర్థం వెతక్కండి. రెండు మాటలకీ రెండు పూర్తి తెలుగు వాక్యాలు పైకి చెప్పండి. ‘నీళ్లు పెరిగాయి’, ‘ధర పెంచారు’ అని నోటితో అంటే పెరుగు, పెంచు అని రెండు మాటలు వేరుగా వినిపిస్తాయి. వినిపిస్తే మొదటి రకం, రెండు వాక్యాల్లోనూ ఒకటే మాట వస్తే రెండో రకం. అర నిమిషం పని.

3. తెలుగులో రెండు మాటలున్న జతలు

ఇవి తేలిక. తెలుగు మాటనే గుర్తుగా పేజీ పైన రాసుకోండి.

హియర్ అంటే వినపడటం, లిజన్ టు అంటే వినడం. ఫోన్ ఇంటర్వ్యూలో సిగ్నల్ సరిగా లేనప్పుడు ‘ఐ కాంట్ హియర్ యూ’ అనాలి. ‘ఐ యామ్ నాట్ లిజనింగ్ టు యూ’ అన్నారంటే ‘మీరు చెప్పేది నేను పట్టించుకోవడం లేదు’ అని అవతలివాళ్లకు తగులుతుంది. సీ, లుక్ ఎట్ కూడా అంతే, కనపడటం ఒకటి, చూడటం ఒకటి. కదిలేదాన్ని కాసేపు చూస్తూ కూర్చుంటే వాచ్: మ్యాచ్, టీవీ, ఆడుకునే పిల్లలు.

రైజ్, రెయిజ్ విషయంలో తెలుగు మనకు గొప్ప సాయం. పెరుగు–పెంచు, లేచు–లేపు, దిగు–దించు అని దానంతట అది జరిగే పనినీ, ఒకరు చేసే పనినీ మనం పొరపాటున కూడా కలిపేయం. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం పెరిగింది, ఎవరూ పెంచలేదు, కాబట్టి ‘ది వాటర్ లెవల్ రోజ్’. అక్కడి బ్యారేజీకున్న 175 గేట్లు వాటంతట అవి లేవవు, సిబ్బంది ఎత్తాలి, కాబట్టి ‘దే రెయిజ్డ్ ది గేట్స్’. రైజ్ తర్వాత కర్మ రాదు, రెయిజ్ తర్వాత కర్మ తప్పదు.

లై, లే కూడా ఇదే కుటుంబం: పడుకోవడం, పడుకోబెట్టడం లేదా పరచడం. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. పడుకోవడం అనే లైకి భూతకాలం లే. అంటే వర్తమానంలో పరచడానికి వాడే రూపమే భూతకాలంలో పడుకున్నాను అనడానికి వస్తుంది. పరీక్షలో అడిగితే నేర్చుకోండి, మామూలు మాటల్లో అయితే ‘ఐ వెంట్ టు బెడ్’ అని తప్పించుకోవడంలో తప్పేమీ లేదు.

మిగతావి గబగబా:

- లెర్న్ నేర్చుకోవడం, టీచ్ నేర్పడం. ‘హి లెర్న్‌డ్ మీ’ అనే వాక్యం వద్దు.
- రిమెంబర్ గుర్తుంచుకోవడం, రిమైండ్ గుర్తుచేయడం. రిమైండ్ తర్వాత మనిషి రావాలి: ‘రిమైండ్ మీ టుమారో’.
- బ్రింగ్ తీసుకురావడం, టేక్ తీసుకెళ్లడం. వెళ్లి మరీ తీసుకురావాలంటే ఫెచ్.
- బై అంటే లోగా, అంటిల్ అంటే దాకా. రెండో పంటైన దాళ్వాకి నీళ్లు నెలాఖరు దాకా వదులుతారు: అంటిల్. నెలాఖరులోగా కోతలు అయిపోవాలి: బై. గడువులోపు ఎప్పుడో ఒకసారి జరిగితే బై, అప్పటివరకూ సాగుతూ ఉంటే అంటిల్.

తెలుగును పట్టుకుంటే చెడేది ఒకచోట ఉంది. ఎవరింటి నుంచైనా బయల్దేరుతూ మనం ‘వెళ్తాను’ అనం, ‘వెళ్లొస్తాను’ అంటాం, లేదంటే ఉత్తినే ‘వస్తానండీ’ అంటాం. దాన్ని ‘ఐ విల్ కమ్’ అని మార్చేస్తే అవతలివాళ్లు మీరు మళ్లీ ఎప్పుడొస్తారా అని చూస్తారు. అక్కడ ‘ఐ యామ్ లీవింగ్, సీ యూ’ చాలు. ఫోన్‌లో ఎదుటివాళ్లున్న చోటికే బయల్దేరినప్పుడు మాత్రం కమింగ్ సరైన మాట.

4. తెలుగులో ఒకే మాట ఉన్న జతలు: ఇక్కడ ఆగి పని చేయండి

ఈ రకానికి తెలుగు గుర్తు పనిచేయదు, ప్రశ్న వేసుకోవాలి. నాలుగు ప్రశ్నలున్నాయి, ప్రతి జతకూ నాలుగూ అక్కర్లేదు, ఏదో ఒకటి తేల్చేస్తుంది.

- పని ఎటునుంచి ఎటు జరిగింది?
- పని దేనికి జరిగింది: మనిషికా, వస్తువుకా, చోటుకా?
- చివరికి ఏమైంది?
- కాలమైతే: మొదలైన రోజు చెబుతున్నామా, ఎంతకాలమో చెబుతున్నామా?

మునగడంతో మొదలుపెడదాం, గోదావరి పక్కన ఉండేవాళ్లకు ఇది ఏటా అవసరమయ్యే మాట. పడవ మునిగింది, గేదె మునిగింది, లంక (ఏటి మధ్య దిబ్బ) మునిగింది, కాజ్‌వే (ఏటి మీది ఎత్తు తక్కువ దారి) మునిగింది, చేను మునిగింది అని అన్నిటికీ ఒకే మాటతో సరిపెడతాం. ఇంగ్లీషులో ఇవి మూడు దారులు. ప్రశ్న: చివరికి ఏమైంది?

నీళ్లలో ఊపిరాడక ప్రాణం పోతే డ్రౌన్. మనిషికీ జంతువుకీ చెప్పేది ఇదే: ‘టూ బఫెలోస్ డ్రౌన్డ్’. డ్రౌన్డ్ అన్నారంటే చనిపోయినట్టే, కాబట్టి మునిగిపోతుంటే ఎవరో బయటకు లాగారని చెప్పాలంటే ‘హి నియర్లీ డ్రౌన్డ్’ అనాలి. ‘హి డ్రౌన్డ్ బట్ దే సేవ్డ్ హిమ్’ అని రాస్తే వాక్యం తనకు తానే అడ్డం తిరుగుతుంది.

వస్తువు కిందికి దిగిపోయి అడుగుకు చేరితే సింక్: ‘ది బోట్ శాంక్’. రేవు దాటించే పంటు మునిగినా, నాటుపడవ మునిగినా ఇదే. పడవ డ్రౌన్ అవదు, దానికి ప్రాణం లేదు.

ఉన్నచోటే ఉండగా నీళ్లే పైకొచ్చి కప్పేస్తే ఫ్లడెడ్, సబ్‌మర్జ్‌డ్, అండర్ వాటర్. లంకలు, చేలు, రోడ్లు, నారుమళ్లు అన్నీ ఇక్కడికే వస్తాయి. ‘అవర్ ప్యాడీ ఈజ్ సబ్‌మర్జ్‌డ్’, ‘ది కాజ్‌వే ఈజ్ అండర్ వాటర్’. పంట నష్టం దరఖాస్తులో ‘మై ల్యాండ్ డ్రౌన్డ్’ అని రాయొద్దు. ప్రభుత్వ కాగితాల్లో ఇనండేటెడ్ అనే మాట కనిపిస్తే అదీ ఈ ముంపే.

కావాలని ముంచి తీస్తే డిప్. 2027 గోదావరి పుష్కరాలకు బంధువుల్ని పిలుస్తూ ఇంగ్లీషులో రాయాల్సివస్తే మూడు మునకలు వేయడం ‘టేకింగ్ త్రీ డిప్స్’ అవుతుంది. ఇక అప్పుల్లో మునిగాడని చెప్పడానికి ‘డ్రౌనింగ్ ఇన్ డెట్’ అనొచ్చు, ఇంగ్లీషువాళ్లూ అలాగే అంటారు.

ఇప్పుడు అప్పు సంగతి. ప్రశ్న: ఎటునుంచి ఎటు? చేతిలోంచి వెళ్తే లెండ్, చేతిలోకి వస్తే బారో. లెండ్ వెంట టు, బారో వెంట ఫ్రమ్. బ్యాంకు మనకు లెండ్ చేస్తుంది, మనం బ్యాంకు నుంచి బారో చేస్తాం. ‘కెన్ యు బారో మీ ఫైవ్ హండ్రెడ్?’ అనేది బాగా వినిపించే తప్పు, అడిగేది ఎదుటివాళ్లు ఇవ్వమని కాబట్టి ‘కెన్ యు లెండ్ మీ’. ఇలా లెండ్ పక్కనే మనిషి వచ్చేస్తే టు అక్కర్లేదు.

దీని పక్కనే లీజ్ అనే ఇంకో మాట ఉంది, డెల్టాలో చాలా చేలూ చెరువులూ కౌలు మీదే నడుస్తాయి గనక దీన్ని బాగా చూడండి. లీజ్ అనే క్రియ ఇటూ వాడతారు, అటూ వాడతారు. ఇలాంటి మాట ఒకటి ఊహించుకోండి:

‘బాబాయ్, వి లీజ్డ్ ఫైవ్ ఏకర్స్ అని రాసేశాను.’

‘అంటే ఇచ్చామనా, తీసుకున్నామనా రా?’

‘తీసుకున్నామనే.’

‘మరి ఆ మాట అందులో ఎక్కడుంది?’

బాబాయ్‌కి ఇంగ్లీషు రాకపోయినా అడగాల్సిన ప్రశ్న అదే. తీసుకుంటే ‘వి లీజ్డ్ ఫైవ్ ఏకర్స్ ఫ్రమ్ హిమ్’, ఇస్తే ‘వి లీజ్డ్ ఔట్ ఫైవ్ ఏకర్స్ టు హిమ్’. అగ్రిమెంటులో ఇచ్చేవారు లెస్సర్, తీసుకునేవారు లెస్సీ. సంతకం పెట్టే ముందు మీ పేరు దేని ఎదురుగా ఉందో రెండుసార్లు చూసుకోండి. రెంట్ అనే మాట కూడా రెండు వైపులా నడుస్తుంది, దానికీ ఇదే మందు.

దొంగతనం. ప్రశ్న: పని దేనికి జరిగింది? పోయిన వస్తువు గురించి చెబితే స్టీల్, పోగొట్టుకున్న మనిషి గురించో చోటు గురించో చెబితే రాబ్. బండి పోయింది: ‘మై బైక్ వాజ్ స్టోలెన్’. బంగారం కొట్టులో పడి దోచుకున్నారు: ‘దే రాబ్డ్ ది షాప్’. ‘మై బైక్ వాజ్ రాబ్డ్’ అంటే బండి దగ్గరున్న డబ్బు ఎవరో కొట్టేసినట్టు ఉంటుంది.

వెతకడం. ‘ది పోలీస్ సర్చ్డ్ హిమ్’ అంటే అతన్ని ఆపి జేబులు సోదా చేశారని. కనపడకుండా పోతే వెతికారని చెప్పాలంటే ‘సర్చ్డ్ ఫర్ హిమ్’. మధ్యలో ఆ చిన్న ఫర్ ఒక్కటే తేడా, కానీ తప్పిపోయిన పిల్లాడి గురించి రాసేటప్పుడు ఇది పోతే అర్థమే పోతుంది.

చెప్పడం. టెల్ తర్వాత నేరుగా మనిషి: ‘హి టోల్డ్ మీ’. సే తర్వాత మాట: ‘హి సెడ్ దట్ హి వజ్ బిజీ’. ‘టోల్డ్ టు మీ’లో టు తీసేయండి, ‘సెడ్ మీ’లో టు చేర్చండి.

సిన్స్, ఫర్ గురించి చివర్లో చెబుతున్నానుగానీ మీ ఇరవై వాక్యాల్లో ఇదే ఎక్కువసార్లు దొరుకుతుంది. ‘2023 నుంచి చేస్తున్నా’ అంటాం, ‘రెండేళ్ల నుంచి చేస్తున్నా’ అని కూడా అంటాం. తెలుగులో నుంచి రెంటికీ సరిపోతుంది, అదే మనల్ని పక్కకు లాగేది. మొదలైన రోజో నెలో సంవత్సరమో చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్. సులువైన పరీక్ష: నుంచి తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘రెండేళ్లుగా’ కుదిరింది, కాబట్టి ఫర్. ‘2023గా’ కుదరలేదు, కాబట్టి సిన్స్. ఇంకా కొనసాగుతున్న పనైతే క్రియ కూడా మారాలి: ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. ‘ఐ యామ్ వర్కింగ్’ అని వదిలేస్తే సగమే దిద్దినట్టు.

5. చేనూ చెరువూ కాలువా: మన ప్రాంతం మాటలు

ఇవి మామూలు గ్రామర్ పుస్తకాల్లో దొరకవు. ఎగుమతి కంపెనీల్లో, రైస్ మిల్లుల్లో, ఇరిగేషన్ కాంట్రాక్టుల్లో పనిచేసేవాళ్లకు రోజూ కావాలి.

- వరి చేలో ఉన్నా, ధాన్యంగా బస్తాల్లో ఉన్నా ప్యాడీ. పొట్టు తీసి బియ్యమయ్యాకా, అన్నమయ్యాకా రైస్. మిల్లుకి వెళ్లేది ప్యాడీ, మిల్లు నుంచి వచ్చేది రైస్. బిల్లులో ఈ రెండూ తారుమారైతే లెక్క మొత్తం తేడా వస్తుంది.
- ఊక హస్క్, తవుడు బ్రాన్. వరిగడ్డి స్ట్రా, మేత కోసం పచ్చిగడ్డిని కోసి ఎండబెడితే హే.
- పంట క్రాప్, దిగుబడి యీల్డ్. ‘గుడ్ క్రాప్’ అనొచ్చు, కానీ ఎకరానికి ఎన్ని బస్తాలో చెప్పేటప్పుడు యీల్డ్.
- నది అంచు బ్యాంక్. సముద్రం ఒడ్డు షోర్, అందులో ఇసుక ఉన్న మేర బీచ్, జిల్లాల పొడవునా సాగే తీరమంతా కోస్ట్. అంతర్వేదిలో నడిచేది బీచ్ మీద, కోనసీమ ఉన్నది కోస్ట్ మీద.
- వరద ఆపడానికి కట్టిన ఏటిగట్టు ఎంబాంక్‌మెంట్. దానికి గండి పడితే బ్రీచ్, నీళ్లు పైనుంచి పొర్లితే ఓవర్‌ఫ్లో. ఈ రెంటినీ కలిపేసి రాస్తే చదివినవాళ్లు అనవసరంగా టెన్షన్ పడతారు, లేదా పడాల్సిన చోట పడరు.
- పంట కాలువ కెనాల్. చేల నీటిని బయటికి తీసుకెళ్లే మురుగు కాలువ డ్రెయిన్, భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్ లాంటివి. ఊళ్లో మరుగుదొడ్ల నీళ్లు వెళ్లే గొట్టాలు సీవర్. మురుగు అనే మాట రెండుచోట్లా ఉందని రెంటినీ సీవర్ చేయకండి.
- నీటిని పెద్ద ఎత్తున నిల్వ చేసేది డ్యామ్. మట్టం లేపి కాలువల్లోకి మళ్లించేది బ్యారేజీ. పోలవరంలో కడుతున్నది డ్యామ్, ధవళేశ్వరంలో ఉన్నది బ్యారేజీ.

రొయ్య గురించి విడిగా చెప్పాలి. ప్రాన్ అనాలా, ష్రింప్ అనాలా? మన దగ్గరా, బ్రిటన్‌లోనూ మామూలు మాటల్లో ప్రాన్ ఎక్కువ, అమెరికాలో ష్రింప్ ఎక్కువ. జీవశాస్త్రంలో ఈ రెండూ మొప్పల అమరికలో, గుడ్లు మోసే తీరులో తేడా ఉన్న రెండు గుంపులు, కానీ వ్యాపారంలో ఆ తేడాను ఎవరూ పాటించరు. వనామీ రకం రొయ్యని కొనేవాళ్లు పంపిన కాగితంలో ష్రింప్ అని ఉంటే మీ జవాబులోనూ ష్రింప్ అనే రాయండి. ఒకే మెయిల్‌లో పైన ప్రాన్, కింద ష్రింప్ అని రాస్తే రెండు సరుకులనుకునే ప్రమాదముంది. రొయ్యల చెరువుని పాండ్ అనండి. మన ఊళ్లో ట్యాంక్ అన్నా చెల్లుతుందిగానీ బయటి దేశంవాళ్లకు ట్యాంక్ అంటే సిమెంటుదో ప్లాస్టిక్‌దో తొట్టి కళ్లముందుకొస్తుంది.

6. చెవికి ఒకేలా ఉండేవి

ఇక్కడ అర్థం గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, చివరి శబ్దం పట్టుకోండి. ప్రైస్ ధర, ప్రైజ్ బహుమతి. అడ్వైస్ సలహా, అడ్వైజ్ సలహా ఇవ్వడం. లూస్ వదులు, లూజ్ పోగొట్టుకోవడం. మనం ప్యాంటు లూజైందంటాం కదా, అలవాటుగా రాసేటప్పుడూ చెయ్యి జారుతుంది. వదులుగా ఉన్న లూస్‌కి స్పెల్లింగులో రెండు ‘ఓ’లు, పోగొట్టుకునే లూజ్‌కి ఒకటే. ఒకటి పోగొట్టుకుందని గుర్తుపెట్టుకోండి, సరిపోతుంది.

అఫెక్ట్ క్రియ, ఎఫెక్ట్ దాని ఫలితం: ‘ది ఫ్లడ్ అఫెక్టెడ్ అవర్ క్రాప్’, ‘ది ఎఫెక్ట్ ఆఫ్ ది ఫ్లడ్’. నూటికి తొంభైపాళ్లు ఈ నియమం మిమ్మల్ని కాపాడుతుంది.

7. మన దగ్గర ఒకటి, బయట ఇంకొకటి

ఈ రకం ప్రమాదమేమిటంటే ఎవరూ మిమ్మల్ని దిద్దరు. మన ఊళ్లో అందరికీ అర్థమవుతుంది, బయటికి వెళ్లాకే ఇబ్బంది.

డౌట్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. క్లాసులో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకు ప్రశ్న ఉందని. బయటివాళ్లకైతే వాళ్లు చెప్పిందాన్ని మీరు నమ్మడం లేదన్నట్టు తోస్తుంది. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ ఎక్కడైనా చెల్లుతుంది.

ఇంకా పెద్ద చిక్కు క్రియగా వాడినప్పుడు. రేపు వాన పడేలా ఉందని మీకు అనుమానం. ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అని రాశారనుకోండి, దానర్థం వాన పడుతుందని నేననుకోవడం లేదని. మీరు చెప్పదలుచుకున్నదానికి సరిగ్గా ఎదురు. పడుతుందనే అనుమానమైతే ‘ఐ సస్పెక్ట్ ఇట్ విల్ రెయిన్’. తెలుగులో రెండూ అనుమానమే కాబట్టి ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి: జరుగుతుందనా, జరగదనా? జరుగుతుందనైతే సస్పెక్ట్, జరగదనైతే డౌట్. కోతలప్పుడు మిషన్‌వాళ్లకు ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాల్సివస్తే ఈ ఒక్క మాట వల్ల ధాన్యం కళ్లంలోనే తడిసిపోవచ్చు.

చదువు పూర్తయిందనడానికి మనం వాడే పాస్ అవుట్ అంటే బయట స్పృహ తప్పి పడిపోవడం. బయోడేటాలో ‘గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023’ అని రాయండి. రివర్ట్ అంటే మునుపటి స్థితికి వెళ్లడం, జవాబు కావాలంటే రిప్లై అనండి.

ఎ ఫ్యూ, ఫ్యూ: ‘ఎ ఫ్యూ పీపుల్ కేమ్’ అంటే కొందరు వచ్చారని, ‘ఫ్యూ పీపుల్ కేమ్’ అంటే పెద్దగా ఎవరూ రాలేదని. పెళ్లికి వచ్చినవాళ్ల గురించి రాసేటప్పుడు ఆ చిన్న ‘ఎ’ మర్చిపోతే పరువు విషయమవుతుంది.

8. ఒక మెయిల్ దిద్ది చూద్దాం

ఇది సాధన కోసం కూర్చిన నమూనా. ముందు మీరే కాగితం మీద దిద్ది, తర్వాత కింద చూడండి.

‘సర్, ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023. ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఎ హేచరీ సిన్స్ టూ ఇయర్స్. అవర్ పాండ్ డ్రౌన్డ్ ఇన్ ది ఫ్లడ్, సో ఐ లెంట్ మనీ ఫ్రమ్ మై అంకుల్. ఐ విల్ సెండ్ ది సర్టిఫికెట్స్ అంటిల్ మండే. ఐ హావ్ వన్ డౌట్ అబౌట్ ది శాలరీ. ప్లీజ్ రివర్ట్.’

- పాస్డ్ అవుట్: గ్రాడ్యుయేటెడ్.
- ‘రెండేళ్లుగా’ కుదురుతుంది కాబట్టి ఫర్ టూ ఇయర్స్. ‘ఐ యామ్ వర్కింగ్’ బదులు ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’.
- చెరువుకి ప్రాణం లేదు, అడుగుకీ చేరలేదు, నీళ్లే పైకొచ్చాయి: వాజ్ ఫ్లడెడ్.
- డబ్బు చేతిలోకి వచ్చింది, పక్కన ఫ్రమ్ కూడా ఉంది: బారోడ్.
- సర్టిఫికెట్లు సోమవారంలోగా ఒకసారి పంపుతారు: బై మండే.
- జీతం గురించి అడగాల్సింది ఉంది: ఎ క్వశ్చన్.
- చివర రిప్లై.

ఆరు వాక్యాల్లో ఎనిమిది దిద్దుబాట్లు. అయినా ఒక్క కొత్త మాట కూడా మీకు తెలియనిది కాదు, ప్రశ్న వేసుకోకుండా రాస్తే ఇలా అవుతుంది.

9. సాధనలో జరిగే పొరపాట్లు, వాటికి మందు

జత రెంటినీ ఒకేరోజు నేర్చుకోవడం. లెండ్, బారో పక్కపక్కన పెట్టుకుని బట్టీ పడితే పరీక్ష హాల్లో రెండూ కలిసిపోతాయి. ఒకదాన్ని మూడు నాలుగు రోజులు మాటల్లో, మెసేజ్‌లలో వాడి, నోట్లో నానాకే రెండోది పట్టుకోండి.

పుస్తకంలోని వాక్యాన్నే కాపీ చేసుకోవడం. లండన్, మంచు, స్నో ఉన్న వాక్యం మీకు అవసరమైనప్పుడు గుర్తురాదు. మీ ఇంటి గేదె, మీ చెరువు, మీ కౌలు కాగితం పెట్టి వాక్యం రాసుకోండి.

సరైన వాక్యం మాత్రమే రాసుకోవడం. పేజీకి ఎడమవైపు మీరు చేసిన తప్పు వాక్యం, కుడివైపు దిద్దినది, కింద దాన్ని తేల్చిన ప్రశ్న రాయండి. తప్పు కళ్లముందు లేకపోతే అదే తప్పు మళ్లీ వస్తుంది.

రోజుకి పది జతలు వేసుకోవడం. వారానికి మూడు చాలు, అందులో రెండు తప్పనిసరిగా రెండో రకానివి కావాలి.

మాట సరిచేసి దాని వెనక వచ్చే టు, ఫ్రమ్, ఫర్ వదిలేయడం. అది వదిలేస్తే దిద్దుబాటు సగంలో ఆగినట్టే.

10. పంపే ముందు చూసుకోవాల్సినవి

- అనుమానం ఉన్న మాట కింద గీత గీశారా?
- ఆ వాక్యం తెలుగులో పైకి చెప్పి రకం తేల్చారా?
- ఎటునుంచి ఎటు, దేనికి, చివరికి ఏమైంది, ఎంతకాలం: వీటిలో తగిన ప్రశ్న వేశారా?
- వెంట వచ్చే చిన్న మాట సరిగ్గా ఉందా?
- చదివేవాళ్లు మన దేశంవాళ్లా, బయటివాళ్లా? బయటివాళ్లైతే డౌట్, రివర్ట్, పాస్ అవుట్ కోసం మరోసారి వెతికారా?
- ఒకే వస్తువుకి మెయిల్ మొత్తం ఒకే పేరు వాడారా?

ఇంత చేసినా తేలకపోతే, అవతల మనిషి జవాబు కోసం ఎదురుచూస్తుంటే, ఆ జతలోని రెండు మాటల్నీ పక్కనపెట్టి వాక్యాన్నే మార్చేయండి. లెండా, బారోనా అని కొట్టుకునే బదులు ‘కెన్ యు గివ్ మీ 5,000 రుపీస్? ఐ విల్ రిటర్న్ ఇట్ బై ఫ్రైడే’ అని పంపండి. పని జరిగాక సాయంత్రం తీరిగ్గా ఆ జతను నోటుబుక్‌లో కొత్త పేజీకి ఎక్కించండి.